ఫ్లైట్ సిమ్యులేటర్: బ్యాటరీ ఆన్ చేసినా కాక్‌పిట్ చీకటేనా? లోపం విమానంలోనా, మీ కంప్యూటర్‌లోనా.. ఇలా తేల్చుకోండి

విమానం ఇంకా రన్‌వే దాకా వెళ్లనే లేదు. పార్కింగ్‌లో కూర్చుని బ్యాటరీ స్విచ్ నొక్కితే స్క్రీన్లు వెలగవు. వెలిగినా కాసేపటికే మసకబారి ఆరిపోతాయి. ఇంట్లో కంప్యూటర్‌పై ఫ్లైట్ సిమ్యులేటర్ నడిపే కొత్తవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. గేమ్ పాడైందనుకుని అన్‌ఇన్‌స్టాల్ చేసేవాళ్లు, జాయ్‌స్టిక్ పోయిందని కొత్తది ఆర్డర్ పెట్టేవాళ్లు ఉంటారు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 కోసం డిస్క్‌లో 150 జీబీ ఖాళీ ఉండాలని కంపెనీయే చెబుతుంది. వినుకొండ లాంటి ఊళ్లో అంత డేటా మళ్లీ డౌన్‌లోడ్ చేయడమంటే మామూలు విషయం కాదు. పైగా అంత చేసినా విమానంలో కరెంటు రాకపోవచ్చు. ఎందుకంటే చాలాసార్లు అక్కడ పాడైంది ఏదీ ఉండదు.

మొరాయించిందా.. నిజం చెబుతోందా?

ఒకప్పటి సిమ్యులేటర్లలో చాలా విమానాలకు కరెంటు వ్యవస్థ పైపైనే ఉండేది. స్విచ్ వేస్తే లైటు, తీస్తే చీకటి. అంతే. ఇప్పుడలా కాదు. 2020 ఆగస్టు 18న వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, 2024 నవంబర్ 19న వచ్చిన దాని కొత్త వెర్షన్, ఎక్స్-ప్లేన్ 12, ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్.. వీటిలో శ్రద్ధగా తయారుచేసిన విమానాలన్నింటిలో బ్యాటరీకి లెక్క ఉంటుంది. ఎంత ఛార్జ్ ఉంది, ఏ పరికరం ఎన్ని ఆంపియర్లు లాగుతోంది, డైనమో ఎంత తిరిగి ఇస్తోంది.. అన్నీ నేపథ్యంలో నడుస్తూనే ఉంటాయి. ఇంజిన్ ఆపి, బ్యాటరీ ఆన్‌లో పెట్టి, ఫోన్‌లో ట్యుటోరియల్ వీడియో చూస్తూ అరగంట కూర్చుంటే బ్యాటరీ దిగిపోతుంది. అసలు విమానంలోనూ అదే జరుగుతుంది. కాబట్టి అది సిమ్యులేటర్ తప్పు కాదు, దాని పనితనం.

అందుకే ఏదీ విప్పకముందు, ఏదీ డిలీట్ చేయకముందు మూడు పరీక్షలు చేయాలి. అన్నీ కలిపి పావుగంట పట్టదు.

మొదట అదే విమానాన్ని పార్కింగ్‌లో కాకుండా రన్‌వే మీద లోడ్ చేయండి. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో సాధారణంగా పార్కింగ్‌లో మొదలుపెడితే అన్నీ ఆపేసి ఉంటాయి. దీన్నే కోల్డ్ అండ్ డార్క్ అంటారు. రన్‌వే మీద మొదలుపెడితే ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. ఎక్స్-ప్లేన్‌లో ఫ్లైట్ ఎంచుకునే పేజీలోనే ఇంజిన్లు నడుస్తూ మొదలుపెట్టాలా అనే టిక్ బాక్స్ ఉంటుంది. ఇలా లోడ్ చేశాక స్క్రీన్లన్నీ వెలిగితే విమానం బాగానే ఉన్నట్టు. మీరు స్విచ్‌లు వేసే వరుసలోనే ఏదో తప్పిపోతోంది.

తర్వాత సిమ్యులేటర్‌తో పాటే వచ్చే సెస్నా 172ను తీసుకుని చూడండి. అది బాగుండి, బయట డౌన్‌లోడ్ చేసిన విమానం ఒక్కటే ఆరిపోతుంటే లోపం ఆ యాడ్-ఆన్‌ది. మూడోది, యోక్, థ్రాటిల్, జాయ్‌స్టిక్.. అన్ని యూఎస్‌బీలూ పీకేసి, మౌస్‌తో స్విచ్ మీద క్లిక్ చేయండి. మౌస్‌తో వేస్తే నిలబడి, పరికరాలు తగిలించగానే స్విచ్ దానంతటదే పడిపోతుంటే దొంగ దొరికినట్టే.

ట్రాక్టర్ తెలిసినవాళ్లకు సెస్నా కొత్త కాదు

పత్తి, మిర్చి పండే ఈ ప్రాంతంలో ట్రాక్టర్ సంగతి తెలియనివాళ్లు తక్కువ. బ్యాటరీ డౌన్ అయితే సెల్ఫ్ తిరగదు. సెల్ఫ్ తిరిగి ఇంజిన్ అందుకుంటే డైనమో ఛార్జింగ్ మొదలుపెడుతుంది. డైనమో బెల్టు తెగితే బండి ఆ పూటకు నడుస్తుంది కానీ, మర్నాడు పొద్దున సెల్ఫ్ ఎత్తదు. సెస్నా 172లో సూత్రం సరిగ్గా ఇదే. ట్రాక్టర్‌లో 12 వోల్టుల బ్యాటరీ ఉంటే, సెస్నా 172ఎస్‌లో 24 వోల్టులది ఉంటుంది. డైనమో అని మనం పిలిచేదాన్ని అక్కడ ఆల్టర్నేటర్ అంటారు. అది 28 వోల్టులు ఇస్తుంది. బ్యాటరీ కన్నా డైనమో వోల్టేజీ ఎక్కువ ఉంటేనే ఛార్జింగ్ ఎక్కుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం సమస్యలు మీటరు చూసే చెప్పేయొచ్చు.

సెస్నాలో ఎర్రటి మాస్టర్ స్విచ్ రెండు ముక్కలుగా ఉంటుంది. కుడి సగం బ్యాటరీ, ఎడమ సగం ఆల్టర్నేటర్. చాలామంది కుడిది మాత్రమే నొక్కి వదిలేస్తారు. లైట్లు వెలుగుతాయి, ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, టేకాఫ్ కూడా అవుతుంది. కానీ ఛార్జింగ్ లేదు. గాల్లో ఎంతసేపు ఉంటుందన్నది బ్యాటరీలో ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ తర్వాత రేడియో పోతుంది, స్క్రీన్లు పోతాయి. అప్పుడు 'గేమ్‌లో బగ్' అనుకుంటారు. నిజానికి ఆమ్‌మీటర్ ముల్లు మొదటి నుంచీ మైనస్ వైపే ఉండి ఉంటుంది.

గాజు స్క్రీన్లున్న జీ1000 మోడల్‌లో ఇది ఇంకా తేలిక. మెయిన్ బస్ వోల్టేజీ అంకెల్లోనే కనిపిస్తుంది. అది 24.5 వోల్టుల కన్నా కిందికి జారితే 'లో వోల్ట్స్' అని ఎర్ర అక్షరాలు వస్తాయి. ఇంజిన్ నడుస్తూ 28 దగ్గర ఉంటే ఆరోగ్యం బాగుంది. 24 దగ్గరే ఆగి కొంచెం కొంచెంగా తగ్గుతుంటే డైనమో పనిచేయడం లేదు. అయితే నేల మీద ఇంజిన్ మరీ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, లైట్లన్నీ వేసి ఉంటే ఈ హెచ్చరిక కాసేపు రావడం మామూలే. థ్రాటిల్ కొంచెం ముందుకు నెడితే పోతుంది. పాత అంబాసిడర్ కారు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు హెడ్‌లైట్ మసకబారి, యాక్సిలరేటర్ ఇస్తే పెరిగేది గుర్తుందా? అదే ఇది.

బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ వేసినా రేడియోలు, నావిగేషన్ స్క్రీన్లు రాకపోతే ఏవియానిక్స్ స్విచ్ చూడాలి. అది వేరే ఉంటుంది. ఇక్కడ 'బస్' అనే మాట వస్తుంది. బస్ అంటే మన ఇంట్లో డిస్ట్రిబ్యూషన్ బోర్డు లాంటిది. మీటరు నుంచి కరెంటు ముందు అక్కడికి వచ్చి, అక్కడి నుంచి గదులకు వెళ్తుంది. ఒక గదికి కరెంటు లేకపోతే వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పరిగెత్తం కదా. ముందు ఆ గది ఎంసీబీ చూస్తాం. విమానంలో ఆ ఎంసీబీల్నే సర్క్యూట్ బ్రేకర్లు అంటారు. సెస్నాలో ప్యానెల్ కింది వైపు గుండ్రటి బొత్తాల్లా వరుసగా కనిపిస్తాయి. ఏదైనా బయటికి పొడుచుకు వచ్చి ఉంటే అదే ట్రిప్ అయినట్టు.

ఆల్టర్నేటర్ గాల్లో ఆగిపోతే అసలు పైలట్లు చేసేది చాలా చిన్న పని. ఆల్టర్నేటర్ స్విచ్ ఆఫ్ చేస్తారు. ఆల్టర్నేటర్ ఫీల్డ్ అని రాసి ఉన్న బ్రేకర్ లోపలికే ఉందా చూస్తారు. మళ్లీ స్విచ్ ఆన్ చేస్తారు. వోల్టేజీ వచ్చిందా సరే. రాకపోతే దాన్ని ఆఫ్‌లోనే వదిలేసి, అవసరం లేని పరికరాలన్నీ ఆపేసి, దగ్గర్లోని ఎయిర్‌పోర్టు వైపు తిరుగుతారు. పదిసార్లు టక్‌టక్‌మని వేసి తీయరు. సిమ్యులేటర్ వాళ్లకు ఉన్న చెడ్డ అలవాటు అదే. అసలు విమానంలో ట్రిప్ అయిన బ్రేకర్‌ను పదే పదే నొక్కితే ఎక్కడో షార్ట్ అయిన వైరు అంటుకోవచ్చు.

కరెంటు మొత్తం పోయినా సెస్నా ఇంజిన్ ఆగదు. ఈ మాట కొత్తవాళ్లు నమ్మరు. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు బ్యాటరీతో సంబంధం లేకుండా ఇంజిన్ తిరగడంతోనే పనిచేస్తాయి. కాబట్టి మీ సిమ్యులేటర్‌లో బ్యాటరీ దిగిన వెంటనే ఇంజిన్ కూడా ఆగిపోతే ఆలోచించాల్సిందే. ఇంధనం అయిపోయి ఉండాలి, లేదా ఆ యాడ్-ఆన్ విమానాన్ని తయారుచేసినవాళ్లు లెక్క తప్పి ఉండాలి.

ఎయిర్‌బస్, బోయింగ్‌ల దగ్గర అసలు తికమక

ఏ320లో రెండు బ్యాటరీలు. బటన్లు నొక్కకముందే పైన చిన్న కిటికీలో వోల్టేజీ కనిపిస్తుంది. అది 25.5 వోల్టుల పైన ఉండాలి. తగ్గితే ఎక్స్‌టర్నల్ పవర్ పెట్టి సుమారు 20 నిమిషాలు ఛార్జింగ్ చేయాలన్నది అసలు విమానంలో పాటించే పద్ధతి. ఉచితంగా దొరికే ఫ్లైబైవైర్ ఏ32ఎన్‌ఎక్స్, డబ్బు పెట్టి కొనే ఫెనిక్స్ ఏ320 లాంటివి నడిపేవాళ్లు ఈ అంకెను చూడకుండానే ముందుకు పోతుంటారు.

బ్యాటరీలు వేశాక చాలా స్క్రీన్లు చీకటిగానే ఉంటాయి. కంగారు అక్కర్లేదు. బ్యాటరీ ఒక్కదానిమీద అన్ని స్క్రీన్లూ వెలగవు, వెలగకూడదు కూడా. మిగతావి రావాలంటే బయటి కరెంటు గానీ, తోకలో ఉండే ఏపీయూ అనే చిన్న ఇంజిన్ గానీ కావాలి. ఎక్స్‌టర్నల్ పవర్ బటన్ మీద ఆకుపచ్చ రంగులో 'అవెయిల్' అని వస్తే కరెంటు వాకిట్లోకి వచ్చింది, ఇంట్లోకి రాలేదు అని అర్థం. బటన్ నొక్కితేనే నీలం రంగులో 'ఆన్' వస్తుంది. ఆ అవెయిల్ కూడా రాకపోతే గ్రౌండ్ పవర్ యూనిట్‌ను పిలవలేదన్నమాట. చాలా విమానాల్లో కాక్‌పిట్ పక్కన ఉండే ట్యాబ్లెట్‌లో గ్రౌండ్ సర్వీసుల పేజీకి వెళ్లి దాన్ని పిలవాలి. పార్కింగ్ బ్రేక్ వేసి ఉండాలి, విమానం స్టాండ్ దగ్గర ఉండాలి. రన్‌వే మధ్యలో ఆగి కరెంటు కావాలంటే ఎవరొస్తారు?

బోయింగ్ 737లో ఇంకో మెలిక ఉంది. ఎయిర్‌బస్‌లో ఏపీయూ సిద్ధమయ్యాక దాని కరెంటు దానంతటదే బస్‌లకు వెళ్తుంది. 737లో వెళ్లదు. గ్రౌండ్ పవర్ సిద్ధంగా ఉందని నీలం లైటు వెలుగుతుంది. కింద ఉన్న స్విచ్‌ను ఆన్ వైపు నొక్కితేనే కలుస్తుంది. ఏపీయూ జెనరేటర్‌కు అయితే రెండు స్విచ్‌లు, రెండు వైపులకూ విడివిడిగా నొక్కాలి. 'ఏపీయూ జెన్ ఆఫ్ బస్' అనే నీలం లైటు వెలుగుతూ ఉంటే ఏపీయూ తిరుగుతోంది, కరెంటు మాత్రం మీరు తీసుకోలేదని అర్థం. ఆ స్విచ్ వేయగానే స్ప్రింగ్‌తో వెనక్కి మధ్యలోకి వచ్చేస్తుంది. దాంతో 'స్విచ్ నిలబడటం లేదు, బగ్' అంటూ కంగారుపడేవాళ్లున్నారు. అది నిలబడదు. అసలు విమానంలోనూ అంతే.

737 ప్రధాన బ్యాటరీ పూర్తి ఛార్జ్‌లో ఉంటే, మిగతా కరెంటు వనరులన్నీ పోయినా, అత్యవసర పరికరాలను కనీసం 30 నిమిషాలు నడిపించేలా తయారుచేశారు. రెండో బ్యాటరీ ఉన్న మోడళ్లలో అది 60 నిమిషాలు. నేల మీద ఖాళీగా కూర్చుని చెక్‌లిస్ట్ చదువుతుంటే కరిగిపోయేది ఆ నిమిషాలే. 'బ్యాట్ డిస్‌ఛార్జ్' అనే పసుపుపచ్చ లైటు వస్తే చదవడం ఆపి ముందు కరెంటు సంగతి చూడాలి.

అన్నింటికీ దగ్గరి దారి ఒకటుంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో కంట్రోల్, ఈ కలిపి నొక్కితే ఇంజిన్ ఆటోమేటిక్‌గా స్టార్ట్ అవుతుంది. మామూలు విమానాల్లో పనిచేస్తుంది. పీఎండీజీ లాంటి సంస్థల వివరమైన విమానాల్లో దాన్ని నమ్ముకోకండి. వాటి కరెంటు వ్యవస్థ సిమ్యులేటర్‌ది కాదు, సొంతంగా రాసుకున్నది. సగం స్విచ్‌లు కదిలి, సగం కదలక విమానం ఎటూ కాని స్థితిలో ఆగిపోవచ్చు. అలా జరిగితే వాటి సొంత మెనూలో విమానం స్థితిని మొదటి నుంచి లోడ్ చేసే ఆప్షన్ కోసం చూడటమే మంచిది.

జాయ్‌స్టిక్ చేసే దొంగ పని

హనీకోంబ్ ఆల్ఫా లాంటి యోక్‌ల మీద బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఏవియానిక్స్ స్విచ్‌లు నిజంగానే ఉంటాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ, తలనొప్పి కూడా అక్కడే. బల్ల మీద స్విచ్ ఆఫ్‌లో ఉండి, సిమ్యులేటర్‌లో విమానం ఇంజిన్ నడుస్తూ లోడ్ అయిందనుకోండి. రెండింటికీ పొంతన కుదరదు. సెట్టింగ్స్‌లో ఆ స్విచ్‌కు 'టాగుల్' అనే ఆదేశం ఇచ్చి ఉంటే, ఆన్ చేసినప్పుడు ఆఫ్ అవుతుంది, ఆఫ్ చేసినప్పుడు ఆన్ అవుతుంది. ఎందుకంటే టాగుల్ అంటే 'ఇప్పుడున్నదానికి ఉల్టా చెయ్' అని మాత్రమే. దాని బదులు ఆన్ వైపుకు 'సెట్ ఆన్', ఆఫ్ వైపుకు 'సెట్ ఆఫ్' అని విడివిడిగా ఇవ్వాలి. లోడ్ చేసే ముందు బల్ల మీది స్విచ్‌లను విమానం ఉండబోయే స్థితిలోనే పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఒకే స్విచ్‌కు రెండు పనులు ఇచ్చి ఉండటం ఇంకో సాధారణ పొరపాటు. కొత్త పరికరం తగిలించగానే సిమ్యులేటర్ దానికి ఒక డిఫాల్ట్ ప్రొఫైల్ ఇచ్చేస్తుంది. అందులో ఏదో బటన్‌కు మాస్టర్ బ్యాటరీ ఉండొచ్చు. మీరు ఫ్లాప్స్ అనుకుని నొక్కుతుంటారు, బ్యాటరీ పోతుంటుంది. కంట్రోల్స్ పేజీలో 'బ్యాటరీ' అని వెతికి, ఏ పరికరంలో ఏ బటన్‌కు అది ఉందో ఒక్కొక్కటీ చూడాలి. విసుగు పుట్టించే పనే. కానీ కొత్త జాయ్‌స్టిక్ కొనడం కన్నా చౌక.

అప్‌డేట్ వచ్చాక ఆగిపోయిందా?

నిన్నటి దాకా బాగున్న విమానం ఇవాళ అప్‌డేట్ తర్వాత చీకటైతే కమ్యూనిటీ ఫోల్డర్‌ను అనుమానించాలి. బయటి విమానాలు, రంగులు, మార్పులు అన్నీ మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో అందులోనే ఉంటాయి. ఫోల్డర్ పేరు మార్చి, ఖాళీది ఒకటి పెట్టి ఓపెన్ చేయండి. బాగుంటే పాతవి ఒక్కొక్కటిగా వెనక్కి పెడుతూ ఏది వచ్చాక ఆగిందో చూడాలి. సగం సగం చేసి పెడితే త్వరగా తేలుతుంది. పాత వెర్షన్ కోసం చేసిన రంగుల ఫైల్ కూడా కాక్‌పిట్‌ను ఆపేయగలదు. ఎక్స్-ప్లేన్, ఫ్లైట్‌గేర్‌లలో అయితే ముందు ఫెయిల్యూర్స్ మెనూ తెరవండి. ఎప్పుడో సరదాకి జెనరేటర్ ఫెయిల్ పెట్టి మర్చిపోయి ఉండొచ్చు. ఏ2ఏ సంస్థ కమాంచీ లాంటి విమానాలు మీరు వాడిన తీరును గుర్తుపెట్టుకుంటాయి. నిన్న బ్యాటరీ ఆన్‌లో వదిలి బయటికొస్తే ఇవాళ దిగిపోయిన బ్యాటరీతోనే ఎదురొస్తాయి.

ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయమనే సలహా విని నవ్వుకోకండి. 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ బోయింగ్ 787 గురించి ఇలాంటి ఆదేశమే ఇచ్చింది. కరెంటు తీయకుండా 248 రోజులు ఏకధాటిగా ఆన్‌లో ఉంచితే జెనరేటర్లను నియంత్రించే యూనిట్లలోని సాఫ్ట్‌వేర్ కౌంటర్ నిండిపోయి, అవన్నీ ఒకేసారి ఆగిపోయే ప్రమాదం ఉందని తేలింది. పరిష్కారం? అంత గడువు రాకముందే విమానానికి కరెంటు మొత్తం తీసి మళ్లీ ఇవ్వడం.

విమానం కాదు.. ఇంటి కరెంటే కారణమైతే

ఎండాకాలం లో వోల్టేజీ, గాలీ వానా వస్తే కరెంటు కోతలు.. ఇవి ఉన్నచోట సమస్య తెర లోపల కాకుండా గోడ దగ్గరే ఉండొచ్చు. గుర్తు ఏంటంటే, విమానంలో బ్యాటరీ పోతే కాక్‌పిట్ స్క్రీన్లు మాత్రమే ఆరిపోతాయి, బయటి దృశ్యం కదులుతూనే ఉంటుంది. యూఎస్‌బీ పరికరానికి కరెంటు చాలకపోతే స్క్రీన్లు వెలుగుతూనే ఉంటాయి, యోక్ మాత్రం స్పందించదు. విండోస్ 'టింగ్' మని శబ్దం చేసి పరికరం ఊడినట్టు చెబుతుంది.

మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. చవక హబ్‌కి యోక్, థ్రాటిల్, పెడల్స్, లైట్లున్న ప్యానెల్ అన్నీ తగిలిస్తే ఆ ఒక్క పోర్టే అందరికీ పంచాలి. ఒకే మోటారు మీద నాలుగు పొలాలకు నీళ్లు పెట్టినట్టు ఉంటుంది. సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడితే తీరిపోతుంది. విండోస్ కూడా కరెంటు ఆదా పేరుతో పోర్టును పడుకోబెడుతుంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్‌లో ఆ టిక్ తీసేయాలి. ల్యాప్‌టాప్ వాడేవాళ్లు ఛార్జర్ పెట్టుకునే ఆడాలి. బ్యాటరీ మీద నడిస్తే గ్రాఫిక్స్ వేగం తగ్గి విమానం గంతులేస్తుంది.

యూపీఎస్ కొనేటప్పుడు 600 వీఏ అని చూసి 600 వాట్లనుకోవద్దు. అలాంటివి సాధారణంగా 360 వాట్ల దాకానే మోస్తాయి. లోపల ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ. అంటే 84 వాట్ అవర్లు. గ్రాఫిక్స్ కార్డుతో కలిపి కంప్యూటర్ 300 వాట్లు లాగితే కాగితం మీద 17 నిమిషాలు వస్తుంది. అంత వేగంగా లాగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ అంత కూడా ఇవ్వదు. ల్యాండింగ్ పూర్తిచేయడానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికే అది. ఇంటికి ఇన్వర్టర్ ఉండి, కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టర్‌ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. ఆ మోడ్‌లో కరెంటు మారే సమయం తగ్గుతుంది.

సొంతంగా చెక్కతో కాక్‌పిట్ కట్టుకునేవాళ్లకు ఒక మాట. ప్యానెల్ లైట్లకు వాడే 5 వోల్టులు, 12 వోల్టులు షాక్ కొట్టవు. వాటికి కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బాలోకి వచ్చేది మాత్రం 230 వోల్టులు. ప్లగ్ పీకకుండా దాని మూత తీయొద్దు. ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది. ఎర్తింగ్ లేని ప్లగ్ మీద ఇనుప ఫ్రేముతో కాక్‌పిట్ నడపడం ఇంకా ప్రమాదం. ఇంట్లో పిల్లలు కూర్చునే సీటు అది.

ఇంత పట్టింపు ఎందుకు?

పైలట్ కావాలనుకునే విద్యార్థుల కోసం. పల్నాడు జిల్లాలోనే, నాగార్జునసాగర్ పక్కన విజయపురి సౌత్‌లోని చిన్న ఎయిర్‌స్ట్రిప్ నుంచి శిక్షణ విమానాలు ఎగిరాయి. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. ఇంటి కంప్యూటర్ మీద ఎన్ని గంటలు నడిపినా ఒక్క నిమిషం కూడా ఆ లెక్కలోకి రాదు. కానీ చేతి అలవాట్లు మాత్రం అసలు కాక్‌పిట్‌లోకి వెంట వస్తాయి. మీటరు చూడకుండా స్విచ్ వేసే అలవాటు, ట్రిప్ అయిన బ్రేకర్‌ను పొడుస్తూ ఉండే అలవాటు అక్కడ మాన్పించడం కష్టం.

విమానాల కరెంటు చిన్న విషయం కాదని 2013 జనవరిలో ప్రపంచం చూసింది. ఆ నెల 7న బోస్టన్‌లో ఆగి ఉన్న జపాన్ ఎయిర్‌లైన్స్ 787లో ఏపీయూ బ్యాటరీ అంటుకుంది. 16న జపాన్‌లో ఆల్ నిప్పన్ 787 బ్యాటరీ నుంచి పొగ రావడంతో టకమట్సులో అత్యవసరంగా దించారు. దాంతో ఆ మోడల్ విమానాలన్నీ నేల మీదే ఆగిపోయాయి. ఎయిరిండియావి కూడా. బోస్టన్ ఘటనలో ఒక సెల్ లోపల జరిగిన షార్ట్ సర్క్యూటే మూలమని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. 2025 జూన్ 12న అహ్మదాబాద్ దుర్ఘటన తర్వాత 'ర్యాట్' అనే మాట ఇంటింటికీ తెలిసింది. రెండు ఇంజిన్లూ శక్తి కోల్పోయినప్పుడు విమానం పొట్ట కింద నుంచి జారి, గాలికి తిరిగి అత్యవసర కరెంటు, హైడ్రాలిక్ శక్తి ఇచ్చే చిన్న ఫ్యాన్ అది. ఏ320 సిమ్యులేటర్‌లో జెనరేటర్లన్నీ ఆపి దాన్ని చూడొచ్చు. అయితే ఆ ఫ్యాన్ తిరగాలంటే విమానానికి వేగం ఉండాలి. పార్కింగ్‌లో నొక్కి కరెంటు రాలేదనడం కుదరదు.

నేర్చుకోవాలంటే ఈ ఒక్క ప్రయాణం

గన్నవరం నుంచి సెస్నా 172తో మొదలుపెట్టండి. సిమ్యులేటర్‌లో కోడ్ వీఓబీజెడ్. పగటి వెలుతురు, మబ్బు లేని వాతావరణం పెట్టుకోండి. గుంటూరు దాటి నరసరావుపేట మీదుగా రైలు పట్టాలు, 544డీ జాతీయ రహదారి చూసుకుంటూ నైరుతికి వెళ్తే సుమారు 125 కిలోమీటర్ల దూరంలో వినుకొండ కొండ కనిపిస్తుంది. ముప్పావుగంట లోపు ప్రయాణం. అదే పట్టాల వెంట ఇంకో పది నిమిషాలు వెళ్తే బ్రిటిష్ కాలం నాటి దొనకొండ ఎయిర్‌ఫీల్డ్.

వినుకొండ మీదికి రాగానే ఆల్టర్నేటర్ స్విచ్ ఆఫ్ చేసి, గడియారం చూసుకోండి. వోల్టేజీ ఎంత వేగంగా తగ్గుతోందో రెండేసి నిమిషాలకోసారి కాగితం మీద రాయండి. తర్వాత ల్యాండింగ్ లైటు, పిటాట్ హీటర్, రెండో రేడియో ఆపేయండి. తగ్గే వేగం మారుతుంది. జీ1000 మోడల్‌లో మెయిన్ బ్యాటరీ పోయాక స్టాండ్‌బై బ్యాటరీ అందుకుంటుంది. అసలు విమానంలో అది సుమారు అరగంట ముఖ్యమైన స్క్రీన్‌ను నిలబెడుతుంది. టేకాఫ్‌కు ముందే ఆ స్విచ్‌ను 'ఆర్మ్‌'లో పెట్టి ఉంటేనే సుమా.

రేడియో పోయేలోపు ట్రాన్స్‌పాండర్‌లో 7600 పెట్టాలి. రేడియో పనిచేయడం లేదని కంట్రోల్‌కు చెప్పే నంబర్ అది. తర్వాత పెడదామంటే ట్రాన్స్‌పాండర్ కూడా అదే బ్యాటరీ మీద ఉంటుంది. గన్నవరం తిరిగి వచ్చేసరికి ఫ్లాప్స్ దిగవు. 172లో వాటిని దించేది కరెంటు మోటారే. ఫ్లాప్స్ లేకుండా 65 నుంచి 75 నాట్ల మధ్య వేగంతో, మామూలు కన్నా ముందు నుంచే ఎత్తు తగ్గించుకుంటూ రావాలి. రన్‌వే పొడవుగానే ఉంది, తొందరపడి ముక్కు కిందికి నెట్టకండి. ఆగాక మాస్టర్ స్విచ్ రెండు సగాలూ ఆఫ్ చేసి బయటికి రండి.